పుస్తె పట్టుకున్న చెయ్యి

నేను స్టూడియో మూసి రిటైరవడానికి ముందు ఏడాది, మాఘమాసపు ముహూర్తాల్లో, సోలాపూర్ కొంతం చౌక్ దగ్గర ఒక ఫంక్షన్ హాలులో పెళ్లి ఫొటోలు తీయడానికి ఒప్పుకున్నాను. అమ్మాయి పేరు శ్రావణి. తండ్రి పవర్‌లూమ్ కార్మికుడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి నర్సమ్మ బీడీలు చుట్టి పెంచింది. పెళ్లికొడుకు వాళ్లది హోట్గి రోడ్. మగ్గాల యజమానులు, టవల్స్ వ్యాపారం.

అప్పటికి మా వృత్తిలో వస్తువుల ఫొటోలు తప్పనిసరి అయిపోయాయి. డిటెయిల్స్ అంటారు. పుస్తె, మెట్టెలు, బాసింగం, గాజులు, పట్టుచీర అంచు, ఇలా ఒక్కొక్కటీ అందంగా అమర్చి, దగ్గరి నుంచి మ్యాక్రో లెన్స్‌తో తీయాలి. ఆల్బమ్ మొదటి పేజీల్లో అవే ఉండాలి. పెళ్లికూతురి చెప్పుల్ని గులాబీ రేకుల మీద పెట్టి తీయమన్న మొదటిసారి నాకు నవ్వు ఆగలేదు. తర్వాత తర్వాత అలవాటైంది, ఇష్టం కూడా కలిగింది. మనుషులు కదులుతారు, కళ్లు మూస్తారు, మధ్యలో మేనమామ వచ్చి అడ్డం నిలబడతాడు. బాసింగానికి ఆ బెడద లేదు.

అన్నిటికంటే కష్టం పుస్తెతో. సోలాపూర్‌లో స్థిరపడ్డ మా తెలుగువాళ్లలో పుస్తెలు రెండు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. అత్తింటిది వాళ్లతోనే వస్తుంది కాబట్టి పెళ్లికూతురి గదిలో దొరికేది పుట్టింటి పుస్తె ఒక్కటే. బంగారు బిళ్ల నున్నగా ఉంటుంది. బల్ల మీద పెడితే అందులో కెమెరా, నా బట్టతల రెండూ కనబడతాయి. పసుపుతాడు పట్టుకుని ఎవరైనా కిటికీ వైపు కొంచెం వంచితేనే వెలుతురు సరిగ్గా పడుతుంది. ఆ పట్టుకునే చెయ్యి ముత్తైదువది కావాలి. అది ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతి.

ఆ రోజు ముత్తైదువలందరూ మగపెళ్లివాళ్ల ఎదుర్కోలుకు బయటికి వెళ్లారు. గదిలో శ్రావణి, గోడవారగా నర్సమ్మ, నేను. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసేది శ్రావణి చిన్నాయన, చిన్నమ్మ. అబ్బాయి తరఫువాళ్లు ఏమనుకుంటారోనని చిన్నాయన ముందే అన్నీ సర్దేశాడు. నర్సమ్మ వంటల వైపు ఉండాలి. ఆమె కూడా సరేనంది.

శ్రావణి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. “కాకా, ఈ ఫొటోల మొఖం పడదు గదా?”

పడదన్నాను.

“అయితె మా అమ్మ పట్టుకుంటది.”

నర్సమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఎవరైనా చూస్తే మంచిగుండదని, బిడ్డ లగ్గం నాడు ఈ మాటలెందుకని గొణిగింది. శ్రావణి వినలేదు. ఈ ఆల్బమ్‌లో నువ్వు ఎక్కడా ఉండవు, ఇక్కడన్నా ఉండు అంది. ఆ మాటకు నర్సమ్మ చెయ్యి ముందుకొచ్చింది. తాడు కిటికీ వైపు కొంచెం వంచమని చెప్పి తీశాను. పసుపుతాడు, కింద పుస్తె, వెనక మసకగా పెళ్లిచీర. అంత చక్కటి పుస్తె ఫొటో నేను మళ్లీ తీయలేదు. ముహూర్తం వేళకు నర్సమ్మ వంటల దగ్గర అన్నం గిన్నెల పక్కన నిలబడి ఉంది. మాంగళ్యధారణ ఆమె చూసిందో లేదో నాకు తెలియదు.

ఆల్బమ్ తయారయ్యాక హోట్గి రోడ్ ఇంటికి నేనే తీసుకెళ్లాను. పెద్ద ఆర్డరైతే స్వయంగా వెళ్లి పేజీలు తిప్పి చూపించడం నా పద్ధతి. శ్రావణి అత్తగారు రాజమణి కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ తిప్పింది. పుస్తె దగ్గర ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ శ్రావణి ముఖం పాలిపోయింది. ఆ చెయ్యి ఏ ముత్తైదువదని చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను.

“ఇది మా వియ్యపురాలి చెయ్యి,” అంది రాజమణి.

నేను పేజీ తిప్పబోయాను. ఆమె తిప్పనివ్వలేదు.

“బీడీ మూతి మడిచే గోరు గిట్లనే పెంచుతరు. మగ్గాలు కొనకముందు నేను సుత చుట్టినదాన్నే. నాకు తెల్వదా?”

ఇక ఆల్బమ్ వెనక్కి ఇచ్చేస్తుంది, ఆ పేజీ తీసేయమంటుంది అనుకున్నాను. ఆమె మాత్రం ఆ ఫొటోలోని గోరు మీద వేలు పెట్టింది.

“దొంగతనంగ ఎందుకు తీసిండ్రు? నన్నడిగితె పీటల పక్కనే కూసోబెడుతుంటి. ఒక్కలన్న అడిగిండ్రా?”

ఆమె గొంతులో కోపం ఉంది, కానీ ఆ కోపం నర్సమ్మ మీద కాదు. శ్రావణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకూ చాలా బాధ కలిగింది. రాజమణి వద్దంటుందని చిన్నాయన అనుకున్నాడు, నర్సమ్మ అనుకుంది, శ్రావణి అనుకుంది, నేనూ అనుకున్నాను. వద్దన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ తర్వాత పని చేసిన కొద్ది కాలంలో ఒక పద్ధతి మార్చుకున్నాను. పెళ్లికి ముందు రెండు ఇళ్ల పెద్దలతో కూర్చుని ఏ ఫొటోలు కావాలో రాసుకునేటప్పుడు, పుస్తె ఎవరు పట్టుకుంటారు, అమ్మ ఎక్కడ కూర్చుంటుంది అని అందరి ముందే అడిగేవాణ్ని. కొన్ని ఇళ్లలో ముఖం చిట్లించి వద్దన్నారు. కొన్ని ఇళ్లలో, అడిగినందుకు, సరేనన్నారు.