నాలుగు ఫోన్లతో మాట్లాడే ఉద్యోగం

జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఇంజినీరింగ్ చదివి, పెళ్లై, బాబు పుట్టాక ఇంటి నుంచి చేసుకునేలా దొరికిన ఉద్యోగం అదొక్కటే. నాలుగు పెద్ద టెక్నాలజీ కంపెనీలు ఫోన్లో తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే సేవలు తెచ్చాయి. వాటిలో ఏది ముందుంది, ఏది వెనకబడింది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది అని రోజూ కనిపెట్టి, హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థకు రిపోర్టు రాయాలి. ఆ సంస్థ దాన్ని ఎవరికి అమ్ముకునేదో నాకు చెప్పలేదు. బహుశా ఆ నాలుగింటికీ అమ్మేదేమో.

బల్ల మీద కంపెనీకొకటి చొప్పున నాలుగు ఫోన్లు వరసగా ఉండేవి. ఒకే ప్రశ్నను ఒకే గొంతుతో ఒక్కోదాన్నీ అడగాలి. చిల్లకల్లు నుంచి కీసరకి ఎంత దూరం? ఒకటి సరిగ్గా చెప్పేది. ఒకటి మా దగ్గరి కీసరని వదిలేసి హైదరాబాద్ పక్కనున్న కీసరకి దారి చూపించేది. ఇంకొకటి అర్థం కాలేదని ఎంతో మర్యాదగా క్షమాపణ అడిగేది. ఆ మర్యాదకీ మార్కులుండేవి. ఈ నెల ఒక కంపెనీ మన మాటతీరు పట్టుకుంటే, పై నెలకల్లా ఇంకొకటి దాన్ని అందుకునేది. మన నోటి మాట కోసం అంతంత కంపెనీలు కొట్టుకుంటున్నాయని మొదట్లో నాకు గర్వంగానే ఉండేది.

పని జరిగేటప్పుడు చప్పుడు ఉండకూడదు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ లారీలు మా వీధి చివరి నుంచే పోతాయి. మా ఆయన ఉద్యోగం కూడా అక్కడే. లారీలను ఎవరూ ఆపలేరు. బాబును ఆపొచ్చు. ఆ బాధ్యత మా అత్తగారు తీసుకున్నారు. గదిలో నా గొంతు లేవగానే వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, మూతి మీద వేలు పెట్టి, "ష్, అమ్మ మాట్లాడుతుంది నాన్నా. నువ్వు అరిస్తే అమ్మ ఉద్యోగం పోద్ది" అనేవారు. వాడు బుద్ధిగా ఊరుకునేవాడు. "ఇంత నెమ్మదస్తుణ్ణి నేనెక్కడా చూళ్లేదమ్మాయ్" అని మురిసిపోయేవారు. ఆవిడ చేసింది సాయమే. తర్వాత సంగతి తెలిశాక, ఎవరి మీద అరవాలో తెలియక లోపల మండింది అందుకే.

రెండేళ్లు దాటినా వాడికి మాటలు రాలేదు. మగపిల్లలకి ఆలస్యమేనని అందరూ అన్నారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. విజయవాడలో పిల్లల డాక్టరుకి చూపించాం. చెవులు బాగున్నాయన్నారు. "ఇంట్లో బాబుకి మాటలు వినపడుతుంటాయామ్మా?" అని అడిగారు.

"రోజంతా మాట్లాడుతూనే ఉంటానండి" అన్నాను. ఎవరితో అని ఆయన అడగలేదు.

వస్తూ వస్తూ నందిగామలో మా అమ్మ దగ్గర ఆగాం. నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. వాడు పక్కన కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. మాటలు కావు. కానీ రాగం ఉంది, కోపం ఉంది, నవ్వు ఉంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఏం చెప్తున్నావురా అమ్మమ్మకి?" అన్నాను.

వాడు టక్కున ఆగిపోయి మూతి మీద వేలు పెట్టుకున్నాడు.

"ఏమే, నువ్వు నోరు తెరిస్తే వీడు మూసుకుంటున్నాడేంటి?" అంది అమ్మ. "ఇందాక బస్సు దిగినప్పుడూ ఇంతే. హెడ్మాస్టరొచ్చినట్టు."

"వాళ్ల నాయనమ్మ అలవాటు చేసింది. నా ఉద్యోగం కోసం."

"ఏం ఉద్యోగమే, పిల్లాడి గొంతు వినపడితే ఊడిపోడానికి?"

చెప్పాను. "అయితే ఫోన్లకి మాటలు నేర్పుతున్నావన్నమాట" అంది.

"నేర్పడం కాదమ్మా. ఏది బాగా నేర్చుకుందో చూడటం."

"ఏదైతేనేంలే" అని మళ్లీ చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకుంది.

మర్నాడు సంస్థలో నా పై అధికారికి ఫోన్ చేసి, మాట్లాడే పని కాకుండా రాసే పని ఇవ్వమని అడిగాను. "మొదట్నుంచీ మీ గొంతుతోనే పోలుస్తున్నాం కదా మేడమ్. మనిషి మారితే పోలికే పోద్దండి" అన్నాడు. మానేశాను. ఫోన్లు కొరియర్‌లో వెనక్కి పంపించాను. "ఇక్కడ ఇంకోటి దొరుకుద్దా?" అన్నారు మా ఆయన. దొరకదన్నాను. ఆయన క్యారేజీ తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. ఓ మాట అనుంటే బాగుండేది.

ఇప్పుడు రోజంతా వాడి ఎదురుగానే కూర్చుంటున్నాను. కాకిని చూపిస్తాను, పేరు చెబుతాను. వాడి వేలు మూతి మీదికి లేస్తుంది. అత్తగారు ఆ వేలు కిందికి దించి, "మాట్లాడరా కన్నా, అమ్మకి ఇప్పుడు ఉద్యోగం లేదు" అంటారు. వాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తాడు.

నిన్న ఆ పై అధికారే మళ్లీ ఫోన్ చేశాడు. "పోటీ ఇప్పుడు చిన్నపిల్లల మాటల మీద పడింది మేడమ్. పసివాళ్ల తెలుగు ముందు ఎవరికి అర్థమైతే వాళ్లదే పైచెయ్యి. మీ ఇంట్లో బాబున్నాడుగా?"

"వాడింకా మాట్లాడటం లేదండి."

"పర్లేదండి, తొందరేం లేదు. మాటలొచ్చాక చెప్పండి."

చెప్పనని అనాల్సింది. సరేనండి అన్నాను.