మామ్మ చెంప మీద పచ్చరంగు

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను బేరమాడలేని వస్తువు లోకంలో లేదని నా గట్టి నమ్మకం. మండపేటలో మాది బట్టల కొట్టు. నచ్చిన సరుకును చూసి ముందు పెదవి విరవాలని ఉగ్గుపాలతోనే నేర్పారు. (ఆ విద్యలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మా మామ్మ తర్వాతే ఎవరైనా.) జీతం చేతికొచ్చిన ఉత్సాహంలో ఆ మామ్మ బొమ్మనే ఆయిల్ రంగుల్లో వేయించాను. రాజమండ్రిలో ఒక ఆర్టిస్టు మేడం ఎదుట ఆవిడ ఆదివారాలన్నీ కదలకుండా కూర్చుంది. ధర మాత్రం బొమ్మ చూశాకే తేల్చుకుందామన్నాను, తెలివిగా.

బొమ్మ తెచ్చుకుందామని మామ్మా నేనూ వెళ్లాం. చీర నేత చూసే అలవాటు కొద్దీ కాన్వాసుకు ముక్కు ఆనించి చూశాను. రంగంతా గడ్డలు గడ్డలు. చెంప మీద ఆకుపచ్చ! ఒళ్లో చెయ్యి ఉండాల్సిన చోట అడ్డదిడ్డంగా లాగిన కుంచె గీతలు. ఇన్ని లోపాలు దొరికాయన్న సంబరంతో గుమ్మం దాకా వెనక్కి నడిచి తలెత్తానా, కాన్వాసులో సాక్షాత్తూ మామ్మ! "ఆ రేటుకి రాదమ్మా" అనడానికి ఒక్క క్షణం ముందు దవడ బిగించే మామ్మ. ఆ బిగింపంతా పచ్చరంగులోనే ఉంది. అడ్డదిడ్డం గీతల చెయ్యి అప్పుడే కొనేవాళ్ల ముందు పరిచిన చీర మడత వెనక్కి లాక్కుంటోంది.

అంతగా నచ్చింది గనక ముఖం మాడ్చుకున్నాను. "ఏంటండీ ఇది? చెయ్యి సగంలో వదిలేశారు, చెంపకి పసరు పూశారు. దీనికి పూర్తి రేటెలా ఇస్తామండీ?"

మేడం నొచ్చుకోలేదు. "నిజమేనండి. రంగు ఇంకా తడిగానే ఉంది, గీకేసి నున్నగా దిద్దేస్తాను" అంటూ రంగుల కత్తి తీసి చెంపకు ఆనించబోయింది.

"వద్దండీ! మీకు దణ్ణం పెడతాను, అదే మా మామ్మండీ!" అని అరిచేశాను.

మామ్మ నుదురు కొట్టుకుంది. "ఓరి వెర్రివెధవా! నచ్చిందని చెప్పేశాక ఇంకేం తగ్గిస్తుందిరా ఆవిడ?"

"తగ్గించనండి మామ్మగారూ" అంది మేడం, కత్తి తుడుచుకుంటూ.

అడిగినంతా ఇచ్చాను. ఆటోలో మామ్మ చాలాసేపు నా ముఖం చూడలేదు. ద్వారపూడి దాటాక మాత్రం బొమ్మకు అంటకుండా కప్పిన గుడ్డ కాస్త తొలగించి చూసుకుని, "ఆ పచ్చది చెరగనీకు, సరిగ్గా పట్టుకో" అంది.

ఇప్పుడు ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా ధర అడగకముందే, "అబ్బ, ఆ కుంచె విసురు చూశారా!" అని పైకే అనేస్తాను. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఆనాటి ఆ మండపేట బేరగాడు నన్నిలా చూస్తే ఎంత సిగ్గుపడేవాడో, పాపం.