అరికాలి మచ్చ

డాక్టరునయ్యాక నేను చేసిన ఘనకార్యాల్లో మొదటి బహుమతి దీనికే. ఇది చదివాక మీ బిడ్డల్ని నా దగ్గరికి తీసుకురావడం మానేస్తామన్నా నేనేమీ అనుకోను.

అప్పట్లో చిట్టమూరు వైపు ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా చేరాను. అత్యవసర విభాగం అంటే రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండరు, నేను. పిల్లల డాక్టరు కావాలంటే నెల్లూరులో ఉన్న పెద్ద సారు ట్యాబ్‌లో కనిపించేవారు. ఆయన ముందు తెలివిగా కనబడాలని నాకు మహా తాపత్రయం.

ఒక మధ్యాహ్నం ఒక అవ్వ మనవరాలిని భుజాన వేసుకొని వచ్చింది. ఏడాది నిండని పిల్ల. ఒళ్లు పెనంలా కాలుతోంది, మగతగా పడి ఉంది.

"పొద్దున్నుంచీ పాలు ముట్టలేదు డాక్టరమ్మా. దీని అమ్మ నాట్లకు పోయుండాది. బిడ్డకేమన్నా అయితే దానికి నా మొగం ఎట్టా చూపించేది?" అంది అవ్వ.

జ్వరం మందు వేసి, తల నుంచి పాదాల దాకా చూశాను. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. "నెల్లూరులో పెద్ద డాక్టరుగారు ఇందులోంచి బిడ్డను చూస్తారవ్వా" అని చెప్పి, సిగ్నల్ కోసం ట్యాబ్ పట్టుకొని కిటికీ దగ్గరికి వెళ్లాను. నేను అటు తిరిగిన ఆ కాస్త సేపట్లోనే జరగాల్సింది జరిగిపోయింది.

"ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయా?" అని అడిగారు సారు తెర మీదికి వస్తూనే.

"లేవు సార్. అంతా చూశాను."

"మరి అరికాలి మీద ఆ నల్లదేంటి?"

చూశాను. నిజంగానే ఉంది. జ్వరం, మగత, వాటికి తోడు అప్పటికప్పుడు పుట్టిన నల్లమచ్చ. అది రక్తానికి విషం పాకే జబ్బు కావచ్చని మాకు చదువులో భయపెట్టి మరీ నేర్పిస్తారు. ఆలస్యం చేస్తే బిడ్డ దక్కదు.

"ఇందాక లేదు సార్, ఇప్పుడే వచ్చింది."

"గాజు గ్లాసుతో నొక్కి చూడండి. ప్రమాదం లేనిదైతే రంగు వెలుస్తుంది."

నొక్కాను. వెలవలేదు. ఆ మాటే సారుకు చెప్పాను.

"అమ్మా, అదీ..." అంటూ అవ్వ ఏదో చెప్పబోయింది.

"కాసేపు మాట్లాడొద్దవ్వా. బిడ్డ చాలా ప్రమాదంలో ఉంది."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నేల మీద కూలబడింది. నేను ఒక చేత్తో అంబులెన్సుకు ఫోను, ఇంకో చేత్తో సిరంజి. ఇందాకటి జ్వరం మందు పనిచేసిందేమో, పిల్ల మాత్రం కళ్లు తెరిచి మా సర్కస్ చూస్తోంది.

"డాక్టర్, ఆ గ్లాసు ఒకసారి కెమెరాకు చూపించండి," అన్నారు సారు.

చూపించాను.

"మచ్చ గ్లాసుకు కూడా వచ్చినట్టుందే."

నేను మెల్లగా అవ్వ వైపు తిరిగాను.

"అదే చెప్పబోతి గదమ్మా. ఎవురో పెద్దాయన అందులోంచి చూస్తాడంటివి. అవతల ఇంకా ఎంతమంది చూస్తారో ఏమో, దిష్టి తగలకుండా కాటుక పెట్టినా. బుగ్గన పెడితే నువ్వు కసురుతావని కాలికి పెట్టినా."

కొంగుతో తుడిచింది. ప్రాణాంతకమైన జబ్బు కొంగుకు అంటుకొని వచ్చేసింది. సారు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నారు. నేను సిరంజి పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. అది వట్టి కాటుకని తెలిసినప్పుడు కలిగిన సంతోషం నాకు డాక్టరు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు. ఆ తర్వాత సారు చెవులు చూడమన్నారు. చెవిలో చీము, దానివల్లే జ్వరం. సాయంత్రానికి పిల్ల పాలు తాగి, నా స్టెతస్కోపు కొరకడం మొదలుపెట్టింది. అంబులెన్సు వాళ్లకు ఏం చెప్పి వెనక్కి పంపానో మాత్రం అడగకండి.

వెళ్లేముందు అవ్వ నా బుగ్గ నిమిరింది. "ఎంత హడలిపోతివి తల్లీ" అంది. నేను కరిగిపోయాను.

కాసేపటికి పిల్ల సంగతి కనుక్కుందామని సారు మళ్లీ తెర మీదికి వచ్చారు. నన్ను చూసి, కళ్లద్దాలు సర్దుకున్నారు.

"డాక్టర్, మచ్చ మీ బుగ్గకు పాకింది. గ్లాసు తెచ్చుకోండి."

ఆ క్షణమే స్టెతస్కోపు మీద ఒట్టు వేశాను. ఇకమీదట ఏ మచ్చనైనా ముందు తడి దూదితో పలకరిస్తాను. అవ్వలు నోరు తెరిస్తే నేను నోరు మూసుకుంటాను. ఏ అవ్వయినా ప్రేమగా నా బుగ్గ నిమిరితే, అద్దం చూసుకోకుండా కెమెరా ముందు కూర్చోను.