చెవి మేస్త్రీ స్టూలు

ఏడు వీధుల అవతల ఎవరి బండైనా దగ్గితే, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మా తాత కళ్లు తెరవకుండానే "వాల్వు" అని, మళ్లీ గురక అందుకునేవాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, కొస ఇంజను మీద పెట్టాడంటే, ఆ ఇంజను పుట్టిన్నాటి నుంచి చేసిన పాపాలన్నీ వరసగా ఒప్పుకునేది. డాక్టర్లు మెడలో వేసుకునే గొట్టం కూడా మా తాతను చూసే కనిపెట్టారని నా నమ్మకం. కాదన్నవాళ్లు రుజువు తెచ్చుకోవచ్చు.

అందుకే ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు.

షాపంటే పెద్దదేం కాదు. ఇనప షట్టరు, నూనె తాగి నల్లబడిన నేల, గోడ నిండా మేకులకు వేలాడే స్పానర్లు. ఒక్కో స్పానరు వెనక దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది, ఏది తీసుకెళ్లి తిరిగి తేలేదో తెలియడానికి. షట్టరు పక్కన తాత స్టూలు. మూడు కాళ్లు చెక్కవి, నాలుగోది పాత సైలెన్సరు ముక్క.

ఆ స్టూలు ముందుకొచ్చినవాళ్లు బండికి ఏమైందో చెప్పకూడదు. చప్పుడు నోటితో చేసి చూపించాలి. "ఏడుపు నువ్వు వినిపించు, పేరు నేను పెడతా" అనేవాడు తాత. బ్యాంకు మేనేజరంతటి వాడు కోటు వేసుకుని, బుగ్గలు పూరించి "డబడబడబ" అన్నాడు. టైలరు "కటక్... కటక్" అంటూ మెడ కూడా ఆడించాడు. "మెడతో పనిలేదు, చైను వదులైంది, దిగు" అన్నాడు తాత. పక్క కొట్ల వాళ్లు పని మానుకుని చూసేవాళ్లు.

లెక్కలు నన్ను వదిలేశాక నేను బడిని వదిలేసి, ఆ షాపులోనే పని నేర్చుకున్నాను. ఇప్పుడు షాపు నడిపేది మా నాన్న. నిరుడు తాత బాగుందని పంపించిన బళ్లు రెండు తిరిగొచ్చాయి. ఒకదానికి బ్రేకు కీచుమంటోంది, ఇంకోదానికి బేరింగు సన్నగా ఈల వేస్తోంది. రెండోది వచ్చిన రోజు నాన్న స్పానరు పక్కన పెట్టి మరీ చెప్పాడు.

"నాన్నా, ఇంకొక్క బండి ఇలా తిరిగొచ్చిందా, ఆ స్టూలు తీసి లోపల పెట్టేస్తాను. ఇంట్లో కూర్చుందువుగాని."

తాత స్టూలు మీద ఇంకాస్త గట్టిగా కూర్చున్నాడు.

పదిరోజులకు ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ తన బండితో వచ్చింది. చప్పుడు చేసి చూపించమంటే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పెద్దాయనా, ఆస్పత్రిలో రోజంతా ఏడుపులే వింటాను. ఇక్కడికొచ్చి నేను కూడా ఏడవాలా?"

"ఇక్కడ ఏడిస్తే నయమవుద్దమ్మా. అక్కడ ఆ హామీ లేదుగా."

ఆమె నవ్వి, అటూ ఇటూ చూసి, దోమలా "కుఁయ్‌ఁయ్" అంది. 

"ఇంజను స్టార్టయ్యాకా, ముందా?"

"ముందే. తాళం తిప్పగానే రెండు సెకన్లు. ఆ తర్వాత దారంతా. పెట్రోలు తగ్గేకొద్దీ ఎక్కువవుతోంది."

"ఎప్పుడూ అడుగంటిన పెట్రోలుతోనే తిరుగుతావు కదూ?"

నర్సమ్మ నాలిక కరుచుకుంది. తాత బండిని ముట్టుకోకుండానే తేల్చేశాడు. "పెట్రోలు పంపు. ట్యాంకులో మునిగి ఉంటుంది. పెట్రోలుంటే దానికి చల్లదనం, తగ్గితే గొంతు లేస్తుంది."

నాన్న తాళం తిప్పి, ట్యాంకు దగ్గర చెవి పెట్టి విని, తలూపాడు. "పంపే." పెట్రోలు తోసే బలం కూడా కొలిచి చూశాడు, తక్కువే చూపించింది. తాత నా వైపు చూసి మీసం సవరించుకున్నాడు.

కొత్త పంపు రాగానే తానే మారుస్తానన్నాడు. నాన్న ఇంకో బండి నడిపి చూడటానికి వెళ్లాడు. తాత పెట్రోలంతా డబ్బాలోకి వంపి, గొట్టం ఊడదీసి, ట్యాంకు దించి గుడ్డమీద బోర్లించాడు. పాత పంపు తీస్తే దాని జల్లెడ మసిగుడ్డలా ఉంది. కొత్తదాన్ని, పెట్రోలెంతుందో చూపే ముల్లును తిప్పే తేలే బుడ్డి కాడ వంగకుండా, పసిపిల్ల చెయ్యి చొక్కాలో దూర్చినట్టు ట్యాంకులోకి దింపాడు. కొత్త రబ్బరు రింగు వేసి, బోల్టులు ఎదురెదురువి జంటగా బిగించాడు. చెయ్యి వణకలేదు. ట్యాంకు ఎక్కించి వైరు కలిపాడు.

ఆ తర్వాత చేయవలసింది ఆయన మొట్టికాయలతో నాకు నేర్పిందే. ముందు పెట్రోలు, తర్వాత తాళం. పంపుకు పెట్రోలే నీళ్లు, పెట్రోలే నూనె. పొడిగా తిప్పితే అరిగి చస్తుంది.

వైరు పట్టిందో లేదో ఒక్కసారి చూద్దామనుకున్నాడు కాబోలు, ముందు తాళమే తిప్పాడు. పంపు "కుయ్" మంది. ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను. తాత తల పక్కకు వంచాడు. మళ్లీ తిప్పాడు. వైరు ఊడదీసి, ఊది, కలిపి మళ్లీ తిప్పాడు. అలా పదిహేను సార్లు. పరీక్షించడంలో ఇదేదో కొత్త పద్ధతనుకుని నోరు మూసుకుని చూశాను. గురువుకు చెప్పేదేముంది? చివరికి ఆగలేక అడిగాను.

"పొడిగా తిప్పుతున్నావేంటి తాతా?"

ఆయన నా మొహం చూశాడు. "అరుస్తోందా?"

"ఇందాకటి నుంచీ."

అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి ఇంకొక్కసారి తిప్పాడు. పంపు అదురు చేతికి తగిలింది. చెయ్యి తీసేసి, డబ్బా ఎత్తి పెట్రోలు పోశాడు. సాయంత్రం నర్సమ్మ వచ్చి బండి తీసుకెళ్లింది. పదిహేను సార్ల సంగతి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మూడోరోజు పొద్దున ఆమె బండి తోసుకుంటూ వచ్చింది. తెల్లబట్టలు చెమటకు ఒంటికి అంటుకుపోయాయి.

"నడిరోడ్డు మీద ఆగిపోయింది. డ్యూటీకి వెళ్లలేకపోయాను. నా బదులు, రాత్రంతా మేలుకున్న పిల్ల ఇంకా అక్కడే నిలబడుంది." తాత వైపు తిరిగింది. "ఈసారి చేసి చూపించడానికి చప్పుడు కూడా లేదు పెద్దాయనా."

నాన్న పంపు బయటికి తీసి, తిప్పి చూసి, వాసన చూశాడు. మూడురోజుల పంపు ముప్ఫై ఏళ్లదానిలా ఉంది. "పొడిగా తిప్పిందెవరు?"

"నేనే" అన్నాను.

"బుద్ధుందా? గాడిదలా పెరిగావు..." అని నాన్న మొదలుపెట్టేలోపే తాత లేచి నిలబడ్డాడు.

"పిల్లనేమీ అనకురా. దానికి పని నేర్పింది నేను. అది పొడిగా తిప్పదు. నేనే తిప్పాను, పదిహేను సార్లు. నాకు వినపడలేదు."

నాన్న మెల్లగా అడిగాడు, "ఎప్పటినుంచి?"

"నాలుగేళ్లయింది. సన్న చప్పుళ్లే పోయాయి, లావువి ఉన్నాయి."

"అందుకేనా అందరిచేతా నోటితో చేయించేది?"

"కాదు. మొదట్లో అది సరదాకే. తర్వాత అవసరమైంది. ఎంత సన్న చప్పుడైనా మనిషి నోట్లో లావవుద్ది."

తనే స్టూలు ఎత్తి లోపల పెట్టాడు. దించేటప్పుడు సైలెన్సరు కాలు నేలకు తగిలి ఖంగుమంది. నాన్న ఆపుతాడేమోనని చూశాను. ఆపలేదు. ఇంకో పంపు తెప్పించి, తనే బిగించి, ముందు పెట్రోలు పోసి తర్వాత తాళం తిప్పాడు.

ఇప్పుడా స్టూలు మీద బండి లోపాలు చదివి చెప్పే మిషను పెట్టె ఉంటుంది. పాత అలవాటుకొద్దీ ఎవరైనా వచ్చి బుగ్గలు పూరిస్తే, "అక్కర్లేదండీ, ఏమైందో చెప్పండి" అంటాడు నాన్న. వాళ్లు సిగ్గుపడి గాలి వదిలేస్తారు. తాత ఇంట్లో కిటికీ పక్కన కూర్చుంటాడు. బయట ఏదైనా బండి వెళ్లినప్పుడు "ఏంటి తాతా అది?" అని గిల్లుతాను.

"బండి" అంటాడు. అంతే.

ఇదంతా రాసి, ఆయన ముందు కూర్చుని, గొంతు చించుకుని చదివి వినిపించాను. అంతా విని, ఎలా ఉందో చెప్పమంటే, మొహం చిట్లించి అన్నాడు:

"ఏడు వీధులు కాదే కోతీ, రెండు. అరవడం ఆపు, నీది సన్న గొంతేం కాదు."