రసాల గదిలో గ్రాఫిక్స్ కార్డు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా ఆవిడ నవ్వుతుంది. "ఆ రోజుల్లో ఏంటండీ, మొన్నే కదా" అంటుంది. నిజమే, గట్టిగా పదేళ్ళు కూడా కాలేదు. కానీ అప్పుడు నాకు తల నిండా జుట్టు ఉండేది, కంప్యూటరు ఆటలో గెలిస్తే జీవితంలో సగం గెలిచినట్టేనన్న నమ్మకం ఉండేది. ఈ రెండూ పోయిన మనిషి ఆ రోజుల్లో అనకుండా ఇంకేమంటాడు.

ఇంజనీరింగ్ చివరి పరీక్షలు రాసి, ఉద్యోగంలో చేరమనే కబురు కోసం నూజివీడులో మా ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తున్న వేసవి అది. నాకున్న ఆస్తల్లా ఇంటర్‌లో చేరినప్పుడు నాన్న (బడిలో లెక్కల మాస్టారు) కొనిచ్చిన కంప్యూటరు. దాని మీద స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడేవాణ్ణి. ఆడేవాణ్ణి అనడం కూడా గొప్పలకు పోవడమే. నా తెర మీద శత్రువు కనిపించేసరికి వాడు నన్ను చంపి, నా తుపాకీ పట్టుకుని, పక్క వీధికి వెళ్ళిపోయి ఉండేవాడు. అందరూ వచ్చేశాక తాపీగా వస్తానని స్నేహితులు నాకు 'ప్యాసింజరు' అని పేరు పెట్టారు. ఆ పేరు వదిలించుకోవడానికి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బంతా పట్టుకుని విజయవాడ వెళ్ళి, ఎనిమిది జీబీ ర్యామ్, ఎవరో వాడి అమ్మేసిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొనుక్కొచ్చాను.

ఇంటికొచ్చి సీపీయూ విప్పితే లోపల ఆరు వేసవుల దుమ్మూ, రెండు బల్లిగుడ్లూ కనిపించాయి. అన్నీ తుడిచి, ర్యామ్ పెట్టి స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండిపోయి, లోపలి నుంచి పిచ్చుక పిల్లలా కీచుమని అరుపు. షాపతనికి ఫోన్ చేస్తే, "రెండు పక్కలా టక్కుమనాలండీ, భయపడకుండా నొక్కండి" అన్నాడు. కళ్ళు మూసుకుని నొక్కాను. టక్కుమంది. ర్యామ్ విరగలేదు, నా ప్రాణం మాత్రం కాస్త విరిగింది. గ్రాఫిక్స్ కార్డుది ఇంకో కథ. అది పెట్టె కన్నా పొడుగు. హార్డ్ డిస్క్ ఉన్న అరను పీకేసి, హార్డ్ డిస్క్‌ను మామిడి బుట్టలు కట్టే పురికొసతో ఓ మూలకు కట్టేస్తే కానీ పట్టలేదు. అప్పటికీ పెట్టె పక్క రేకు మూతపడలేదు. మూయకపోతే ఏం, గాలి ఆడుతుందిలే అనుకుని సీపీయూను అలాగే నేల మీద పెట్టి, తెరిచిన వైపు గోడకు తిప్పాను. ఆ గోడ పక్కన ఏముందో నేను ఆలోచించలేదు.

ఏముందో చెప్పాలంటే మా అమ్మకూ పెద్దమ్మకూ వచ్చిన మాట పట్టింపు చెప్పాలి. అంతకు ముందు వేసవి చింతలపూడిలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, పెద్దమ్మ కొత్త వియ్యాలవారికి మామిడిపళ్ళు కోసి పెట్టింది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇవి మందు పెట్టి పండించినవి అక్కా" అనేసింది. నూజివీడు మనిషి, ఆగలేకపోయింది. వియ్యపురాలు చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేసింది. అంతే, ఏడాదిగా అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. అమ్మ పైకి ఏమీ అనేది కాదు కానీ, కూర తిరగమోత వేస్తూ కూడా ఫోన్ వైపు చూసేది. చివరికి నాన్న కలగజేసుకుని పెద్దనాన్నకు ఫోన్ చేసి, "వచ్చే ఆదివారం భోజనానికి రండి అన్నయ్యగారూ" అని పిలిచారు. ఆయన "చూద్దాం" అన్నారు. ఆ ఒక్క ముక్కకే అమ్మ ఆగిరిపల్లి తోటలో దగ్గరుండి, ఒక్క కాయ నేల తగలకుండా గెడకు కట్టిన చిక్కంతో చిన్నరసాలు కోయించి, వెనక గదిలో ఆ గోడవారే వరిగడ్డి పరిచి, వరసలు పేర్చి, మీద మళ్ళీ గడ్డి కప్పి, కిటికీకి గోనెసంచి కట్టింది. "ఆదివారం పొద్దునకి సరిగ్గా పండుతాయి. తలుపు మాత్రం తీసి ఉంచకురా చిన్నోడా" అంది. కాయలు మాగబెట్టడంలో అమ్మ చెప్పిన రోజు తప్పడం నేనెన్నడూ చూడలేదు.

వెనక గది నా కంప్యూటరు గది కూడా. తలుపు మూసి ఉంచమనడం నాకూ బాగానే ఉంది. నాలుగు రోజులు బనీనుతో, చెమటలు కక్కుతూ ఆడాను. తొలిసారి నేను బతికుండగానే శత్రువు నాకు కనిపించాడు. గ్రాఫిక్స్ కార్డు బుసలు కొడుతూ తన వేడంతా ఆ తెరిచిన వైపు నుంచి తిన్నగా గడ్డి మీదికి వదులుతూనే ఉంది (గడ్డి అంటుకోలేదు, అది మా పూర్వీకుల పుణ్యం). నేను మాత్రం ప్యాసింజరు నుంచి ఎక్స్‌ప్రెస్‌కు ఎదిగిన ఆనందంలో ఉన్నాను.

బుధవారం పొద్దున్నే అమ్మ గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. గది నిండా పండిన వాసన. గడ్డి తీసి ఒక కాయ నొక్కి చూసి, అలాగే కూలబడింది. "ఆదివారానికి కుళ్ళిపోతాయిరా. అక్కకి ఏం పెట్టను" అంది. సీపీయూ దగ్గర చెయ్యి పెట్టి చూశాను, పెనం మీద పెట్టినట్టుంది. నోరు తెరవబోయాను. ఈలోగా అమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "బండి తియ్యి. మనమే పోదాం" అంది.

నాన్న స్కూటీ తీసుకుని బయల్దేరాం, నా కాళ్ళ మధ్య పళ్ళ బుట్ట, వెనక అమ్మ. చింతలపూడిలో పెద్దమ్మ తలుపు తీసి మమ్మల్ని చూసి, లోపలికి రమ్మనకుండా, "ఆదివారం కదా రమ్మన్నారు" అంది.

"పళ్ళు ఆగలేదక్కా" అంది అమ్మ.

పెద్దమ్మ బుట్టలోంచి ఒక పండు తీసి, తొడిమ దగ్గర వాసన చూసింది. చాలాసేపు చూసింది. "ఏం పెట్టి పండించావే?" అంది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ముగ్గురికీ తెలుసు.

"ఒట్టి వరిగడ్డేనక్కా. కావాలంటే వీణ్ణడుగు, నాలుగు రోజులూ ఆ గదిలోనే ఉన్నాడు."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. అమ్మ కూడా చూస్తోంది, నేను ఔననడం తప్ప ఇంకేదైనా అంటానన్న అనుమానమే లేని చూపు. గ్రాఫిక్స్ కార్డు గురించి మొత్తం నాలుక చివరి దాకా వచ్చింది. "గడ్డే పెద్దమ్మా" అన్నాను.

పెద్దమ్మ గడపలోనే కూర్చుంది. "నేను ఆదివారం రాకూడదనే అనుకున్నానే. జ్వరమని చెప్పమని మీ బావగారికి కూడా చెప్పి ఉంచాను" అంది. పండు చేతుల్లో తిప్పుతూ, "ఆనాటి పళ్ళు మందువేలే. మీ బావగారే తెచ్చారు, నాకూ తెలుసు. వియ్యపురాలి ముందు అనేశావని కోపం" అంది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ గడపలోనే కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుంటే, చిన్నపిల్లల్లా పళ్ళు జుర్రుకున్నారు. పెద్దమ్మ నా చేతిలోనూ ఒకటి పెట్టింది. అంత తియ్యటి పండు నేను మళ్ళీ తినలేదు, అంత కష్టంగా ఇంకే పండూ మింగలేదు.

ఇప్పటికీ ప్రతి వేసవీ పెద్దమ్మ కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంది, మందూ మాకూ లేని పళ్ళంటే మా చెల్లెలివే అని. అమ్మ గర్వంగా నా వైపు చూస్తుంది, నేను తలూపుతాను. స్నేహితుల ముందు గెలవడానికి నానా తంటాలు పడిన ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. ఆ వేసవి వాడు ఎన్ని ఆటలు గెలిచాడో నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు. ఆ గడప దగ్గర రసం కారే పండు పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాడే, వాడు మాత్రం నాకు కాస్త ముద్దొస్తాడు.