మంచె మీద రాసిన చీటీ

పోయిన నెల అత్తాపూర్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఎదురుగోడ మీద వెలుగుతున్న అక్షరాలు చూపించి చదవమంది. మూడు వరుసలు ఎలాగో లాక్కొచ్చాను గాని, నాలుగో వరుసకు వచ్చేసరికి అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పొర బాగా ముదిరిందనీ, ఆపరేషన్‌కు ఇక ఆలస్యం చేయొద్దనీ చెప్పి, కాగితం మీద ఏదో రాసుకుంటూ, ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏం పని చేసేవారని అడిగింది. చూసే పని చేసేవాణ్ణమ్మా అన్నాను. వాచ్‌మన్ అనుకుందో ఏమో, తల ఊపి ఊరుకుంది, నేనూ సరిదిద్దలేదు. తిరిగి శంషాబాద్ వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, చాలా ఏళ్లుగా పక్కకు నెట్టిన సంగతి ఒకటి మళ్లీ మనసులోకి వచ్చింది.

మన వయసు వాళ్లలో రేసుకోర్సు ముఖం చూడనివాళ్లు చాలామందే ఉంటారు, చూసినవాళ్లు ఇంట్లో చెప్పి ఉండరు, కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. గుర్రాలు పరుగెత్తే దారి గుండ్రంగా తిరిగి వస్తుంది, జనం కూర్చునే మెట్లు మాత్రం ఒక వైపే ఉంటాయి. గుర్రాలు అవతలి మలుపు తిరిగేటప్పుడు అక్కడ ఏం జరిగిందో మెట్ల మీద ఉన్నవాళ్లకు అంతు పట్టదు. అందుకని ఆ మలుపు దగ్గర ఇనుప నిచ్చెన వేసిన ఎత్తైన టవర్ ఒకటి కట్టి, దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టేవారు. ఏ జాకీ అయినా వెనకా పక్కా చూసుకోకుండా తన గుర్రాన్ని ఇంకొకరి దారిలోకి తీశాడా, దానివల్ల ఎవరి గుర్రమైనా తడబడిందా అన్నది చూసి చీటీ రాసి పంపడం అతని పని. పద్నాలుగేళ్లు ఆ మనిషిని నేనే. అందరూ దాన్ని టవర్ అనేవారు, నేను మాత్రం మంచె అనేవాణ్ణి, చిన్నప్పుడు జొన్నచేలో పిట్టలను తోలడానికి మంచె ఎక్కినవాణ్ణి కనుక. అక్కడా ఇక్కడా చేసింది కావలి పనే, కాకపోతే ఇక్కడ జీతం ఇచ్చారు.

చూడడం అంటే అందరూ చూసేదే కదా అనుకుంటారు. జనం ముందున్న గుర్రాన్ని చూస్తారు. మేం చూడాల్సింది గుర్రాలను కాదు, గుర్రాల మధ్య సందులను. ఒక సందు ఉన్నట్టుండి మూసుకుపోయిందంటే దాన్ని ఎవరు మూశారో ఆ క్షణంలోనే పట్టుకోవాలి. అక్కడితో అయిపోదు. గుర్రం తనంతట తాను పక్కకు జరిగిందా, జాకీ జరిపాడా అన్నది జాకీ చేతుల్లో చూడాలి. గుర్రం ఒరుగుతుంటే వాడు కళ్లెం రెండో వైపు లాగి ఆపబోయాడంటే వాడి తప్పు లేనట్టే. వాడే కళ్లెం లాగి లోపలి కంచె వైపు తీశాడంటే మాత్రం అజాగ్రత్తగా తోలినట్టు. వెనక గుర్రానికీ తన గుర్రానికీ మధ్య కనీసం రెండు గుర్రాల పొడవు ఖాళీ ఉంటే తప్ప దాని ముందుకు జరగకూడదు. ఈ పాఠం నేను ఎందరికి చెప్పానో లెక్కలేదు, మా మేనల్లుడికైతే అన్నం తినేటప్పుడు కూడా చెప్పాను.

మేనల్లుడంటే తొండుపల్లిలో ఉండే మా అక్క కొడుకు. వాళ్ల భూమిలో చాలావరకు ఎయిర్‌పోర్టు కిందికి పోయింది, మిగిలిన చెక్కలో బావ కూరగాయలు వేసేవాడు. ఊరికి దగ్గర్లోనే ఒక గుర్రాల ఫారం ఉండేది, రేసు గుర్రాలను విశ్రాంతికి తెచ్చి అక్కడ ఉంచేవారు. విమానాలు దిగడం మొదలైన కొత్తలో ఆ గుర్రాలు చప్పుడుకు బెదిరి కంచెల మీద పడేవి, నెల తిరిగేసరికి నెత్తి మీద నుంచి విమానం పోతున్నా మేత మీంచి తల ఎత్తడం మానేశాయి. మా బావకు మాత్రం ఏడాది పట్టింది, విమానం వచ్చినప్పుడల్లా పార వదిలేసి నిలబడిపోయేవాడు. మా మేనల్లుడు ఆ ఫారంలోనే గుర్రం ఎక్కడం నేర్చుకున్నాడు. మనిషి సన్నగా, పొట్టిగా, చేతులు మాత్రం గట్టిగా ఉండేవాడు. వాణ్ణి చేయి పట్టుకుని రేసుకోర్సుకు తీసుకుపోయి చేర్పించింది నేనే. వాడికి లైసెన్సు వచ్చిన రోజే పైవాళ్ల దగ్గరికి వెళ్లి, ఈ కుర్రవాడు నా మేనల్లుడు, వాడు తోలే రేసులకు మంచె మీద ఇంకొకరిని పెట్టుకోండి అని చెప్పాను. మీ మీద మాకు అనుమానమేంటి అన్నారు. ఆ మాటకు నేను చాలా పొంగిపోయిన సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ పొంగులోనే వాడి మీద రెండుసార్లు రాశాను కూడా. రెండుసార్లూ వాణ్ణి మందలించి వదిలేశారు, మూడోసారి ఇంత తేలిగ్గా పోదని చెప్పారు.

ఎయిర్‌పోర్టు వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్లయింది. వానాకాలం సీజన్ ముగింపుకు వచ్చింది, వచ్చే ఆదివారం పెద్ద రేసు. ఆ రేసులో గెలుస్తుందని అందరూ చెప్పుకుంటున్న గుర్రం మీదికి మా వాణ్ణి తీసుకున్నారు. దాని యజమాని వాడి పేరు అడిగి మరీ పెట్టించాడట. జాకీ బతుకులో అలాంటి అవకాశం ఒకసారి వస్తుంది, అందులో గెలిస్తే ఇక పని కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. తొండుపల్లిలో మా అక్క అప్పటికే ఊళ్లో సగం మందికి చెప్పేసింది.

దానికి ముందు ఆదివారం నాలుగో రేసులో, మలుపు సరిగ్గా నా కింద తిరుగుతుండగా, మా వాడు కళ్లెం లాగి గుర్రాన్ని లోపలికి తీశాడు. వెనక్కి చూడలేదు. ఒక్క గుర్రం పొడవు ఖాళీ కూడా లేదు. వెనక వస్తున్న గుర్రం ముందుకాళ్లు వీడి గుర్రం వెనకకాళ్లకు తగిలాయి, అది బోర్లా పడింది, దాని మీది జాకీ ఎగిరి కంచె పక్కన పడ్డాడు. ఆయన మా వాడికి గురువులాంటి పెద్ద జాకీ, సొంత కొడుకులా చూసుకున్న మనిషి. గుర్రం లేచి పరుగెత్తింది, ఆయన లేవలేదు. భుజం ఎముక విరిగింది. నేను దుర్భిణిలోంచి ఇదంతా అరచేతిలో ఉన్నంత స్పష్టంగా చూశాను.

చీటీ రాయడానికి కూర్చుంటే చేయి ఆగిపోయింది. వచ్చే ఆదివారం గుర్తొచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ బతిమాలలేదు, అంతా నేనే చేశాను. మా మంచె పడమటి దిక్కుకు తిరిగి ఉండేది, కొన్ని సాయంత్రాలు నిజంగానే ఏమీ తెలిసేది కాదు, అలాంటప్పుడు రాయడానికి నా దగ్గర ఒకే ఒక వాక్యం ఉండేది. సాయంత్రపు ఎండ కంట్లో పడినందున స్పష్టంగా కనబడలేదు. ఆ వాక్యమే రాసి, కార్బన్ కాగితం తీసి, చీటీ మడిచి కిందికి పంపాను. పెన్ను మూసి జేబులో పెట్టుకుంటున్నప్పుడు కూడా నాకు తట్టలేదు, ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు పట్టి ఉందని, సూర్యుడు అసలు బయటికే రాలేదని.

మర్నాడు అక్క మా ఇంటికి వచ్చింది. చిన్న గిన్నెలో పెరుగు తెచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, నువ్వు చూసినవా ఏమన్న?"

"లే అక్కా, నాకేం కనబడలే."

అక్క నా ముఖంలోకి కాసేపు చూసింది. చిన్నప్పుడు చేనుకు ఆ చివర వాలిన పిట్టను ఈ చివర నుంచి చూపించినవాణ్ణని నా తర్వాత తెలిసింది ఆమె ఒక్కతెకే.

"గట్లనా. అయితే మంచిదే తీ," అని గిన్నె వంటింట్లో పెట్టి వెళ్లిపోయింది. సంతోషపడిందని మాత్రం నాకు అనిపించలేదు.

ఎంక్వైరీ గురువారం జరిగింది, నన్నూ రమ్మన్నారు. ఎంక్వైరీ గదిలో పొడుగాటి బల్ల వెనక, రేసుల్లో తప్పొప్పులు తేల్చే ముగ్గురు స్టీవార్డులు కూర్చుంటారు, జాకీ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడతాడు, రేసు తీసిన ఫిల్మును గోడ మీద వేసి చూపిస్తారు. ఆ రోజు ఎదురు నుంచి తీసిన ఫిల్ములోనూ, పక్క నుంచి తీసిన ఫిల్ములోనూ సరిగ్గా ఆ చోట గుర్రాలన్నీ ఒక గుంపుగా కలిసిపోయి ఉన్నాయి, ఎవరు ఎటు తీశారో చెప్పడానికి లేదు. తర్వాత దవాఖానలో ఉన్న పెద్ద జాకీ రాయించి పంపిన కాగితం చదివారు. తన గుర్రం తనే తడబడిందనీ, ఎవరి తప్పూ లేదనీ రాయించాడు. జాకీలకు ఇదొక కట్టుబాటు, ఎంక్వైరీ గదిలో ఒకరి మీద ఒకరు చెప్పుకోరు, మర్నాడు మళ్లీ పక్కపక్కనే తోలాలి కదా. భుజం విరిగి పడుకున్న మనిషి కూడా ఆ కట్టు తప్పలేదు.

ఇక మిగిలింది నా చీటీ. గుమాస్తా దాన్ని పైకి చదివాడు. ఎండ కంట్లో పడినందున అనే చోట ముగ్గురూ తలలెత్తారు. బల్ల మధ్యలో కూర్చునే పెద్ద స్టీవార్డు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి, నా మాట మీద ఎన్నో తీర్పులు చెప్పినవాడు. తెలుగు బాగానే వచ్చు. కళ్లద్దాలు తీసి, నా వైపు తిరిగి, ఆదివారం నాడు ఎండ, అని మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ల మాట ఒక్క నిమిషంలో పోతుందని నాకు తెలిసిపోయింది.

ఆయన మాట పూర్తి కాకముందే మా మేనల్లుడు నోరు తెరిచాడు.

"నేనే లోపల్కి తీసిన సార్. ఎన్కకు చూడలే. జాగ సరిపోతదనుకున్న."

పెద్ద స్టీవార్డు వాడి వైపు తిరిగి, ఏమంటున్నావో తెలుసా, ఆదివారం నీకు రేసుంది కదా అని అడిగాడు. తెలుసు సార్ అన్నాడు వాడు. అనేటప్పుడు ఆయనను చూడలేదు, నన్నూ చూడలేదు, చేతిలో టోపీ వైపే చూస్తున్నాడు. ఇక నా చీటీతో ఎవరికీ పని లేకపోయింది. పెద్ద స్టీవార్డు దాన్ని మడిచి ఫైలు అడుగున పెట్టేశాడు. నేను అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. నాకు కనబడింది సార్ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను, పొమ్మన్నాక బయటికి వచ్చాను, అంతే.

వాణ్ణి ఎనిమిది రేసు రోజులు సస్పెండ్ చేశారు. ఆదివారం ఆ గుర్రం మీద వేరే జాకీ ఎక్కాడు, గుర్రం గెలిచింది. అలాంటి గుర్రం మళ్లీ మా వాడి కిందికి రాలేదు. వాడు మరో రెండు మూడేళ్లు చిన్నాచితకా రేసులు తోలి, ఒళ్లు పెరిగి బరువు నిలబడక లైసెన్సు వదిలేసి, ఎయిర్‌పోర్టులో సామాను బండ్లు లాగే ట్రాక్టరు తోలే ఉద్యోగంలో చేరాడు. భుజం విరిగిన పెద్ద జాకీ తోలడం మానేసి కొత్తవాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు, మా వాడి పెళ్లికి వచ్చి పక్కనే నిలబడి ఫొటో దిగాడు. నేను ఆ సీజన్ అయిపోగానే చూపు మందగించిందని కాగితం రాసి ఇచ్చి మంచె దిగాను. అదీ అబద్ధమే. దండ వేసి, శాలువా కప్పి పంపారు.

ఇప్పుడు మలుపు దగ్గర ఆ టవర్ మీద మనిషి ఉండడట, చుట్టూ కెమెరాలు పెట్టారట. ఎంక్వైరీ గదిలో పెద్ద తెర మీద ఎటు నుంచి కావాలంటే అటు నుంచి, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా చూపిస్తారట. జాకీ చూస్తాడు, తల ఊపి సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఇది మంచి పద్ధతే, కాదనను. నాలాంటి వాడి చీటీ మీద ఎవరి బతుకూ ఆధారపడదు. ఏ మేనల్లుడూ మామ పరువు కోసం తన ఆదివారాన్ని పోగొట్టుకోనక్కర్లేదు. కానీ కెమెరా అంతా చెప్పేశాక మనిషి తనంతట తాను చెప్పడానికి ఏమీ మిగలదేమో అని మాత్రం ఒక్కోసారి దిగులుగా ఉంటుంది. ఆ రోజు ఆ గదిలో విన్నటువంటి మాట ఇప్పటి గదుల్లో వినబడదు.

మా మేనల్లుడు డ్యూటీ దిగి పోయేటప్పుడు నెలకు ఒకటి రెండుసార్లు మా ఇంటి ముందు బండి ఆపుతాడు. మామా జర చాయ్ పెట్టియ్యి అంటూ లోపలికి వస్తాడు, పిల్లల చదువుల గురించీ అక్క మోకాళ్ల గురించీ మాట్లాడతాడు, ఆ గురువారం మాట ఒక్కనాడూ ఎత్తలేదు. నాకు కనబడిందిరా అని వాడితో చెప్పాలని చాయ్ గ్లాసు అందించినప్పుడల్లా అనుకుంటాను. వాడికి తెలుసు. వాడికి తెలుసని నాకూ తెలుసు. అయినా నా నోటితో నేను చెప్పాలి కదా. ఇంతవరకు చెప్పలేదు.