ఇంకా పుట్టని చెవి మిషను

మా బామ్మర్దికి గిద్దలూరులో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దుకాణంలో ఉన్న సరుకు గురించి వాడు మాట్లాడడు. ఇంకా పుట్టని సరుకు గురించే ప్రవచనమంతా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత వాడిని చూసే పుట్టి ఉంటుంది.

నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. క్వారీ నుంచి వచ్చిన బండను సుత్తితో తట్టి వినడం నా పని. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. దాన్ని పక్కకు తోయించి, మంచిదాన్ని కోతకు పంపుతాను. కోత మిషన్ల రొదలో ఏళ్ల తరబడి ఉండి చెవులు మందగించాయి. వెంటనే చెవి మిషను పెట్టుకోమన్నాడు డాక్టరు. ఆలస్యం చేస్తే శబ్దాలను గుర్తుపట్టే అలవాటే పోతుందన్నాడు.

బామ్మర్ది అడ్డం పడ్డాడు. "ఇప్పుడు ఆ పాత డబ్బా ఎందుకు బావా? రాబోయేదాంట్లో ఏఐ అంతా చెవిలోనే ఉంటాదంట. నెట్ అక్కర్లే, సిగ్నల్ అక్కర్లే. నీ మాట ఏ కంపెనీకీ పోదు. రొద తీసేసి కావాల్సిందే వినిపిస్తాది."

"ఎవరు చెప్పినారురా?"

"వీడియోలో చూసినా. ఫోటో గూడా లీకయింది."

ఆ ఫోటోలో మసకగా చిక్కుడు గింజంత వస్తువు, దాని చుట్టూ ఎర్ర గీత. నా భార్యదీ తమ్ముడి పక్షమే. నేనూ ఆగాను. ఆ ఏడు చిప్పు ఆలస్యమన్నాడు. మరుసటి ఏడు, పనంతా చెవిలోనే జరిగితే వేడెక్కుతోందట, సరిచేస్తున్నారన్నాడు. సరిచేసేదెవరో, ఎక్కడో వాడికీ తెలియదు. అబద్ధాలకోరునైనా భరిస్తాను గానీ, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేవాడిని చూస్తే నాకు ఒళ్లు మంట.

ఈలోగా నేను మంచిదని పంపిన బండ కోత మిషను కింద రెండు ముక్కలైంది. ఆ వారంలోనే ఇంకొకటి. ఓనరు తిట్టలేదు. "అన్నా, నువ్వు ఇంక ప్యాకింగ్ కాడ కూర్చో" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడే పోయి, దొరికే మామూలు మిషనే పెట్టించుకున్నాను. శబ్దమైతే వస్తోంది. మంచి బండా పగిలిన బండా ఒక్కలాగే పలుకుతున్నాయి. ముందే రావలసిందన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రమే బామ్మర్ది వచ్చాడు. "ఈసారి వచ్చేది బండలో పగులు గూడా అదే కనిపెడతాదంట బావా. ఒక్క ఏడాది ఆగు."

లేచి పొమ్మన్నాను. వాడు గడప దాటేదాకా నిలబడే ఉన్నాను.

ఇప్పుడు నా చోట మా ఫ్యాక్టరీలోనే పనిచేసే ఒకామె కూర్చుంటోంది. ఆమె బండ తట్టినప్పుడల్లా నేను అట్టపెట్టెలు వదిలేసి ఆమె ముఖం చూస్తాను. బండ మంచిదో కాదో నాకు అక్కడే తెలియాలి.